ఉత్తరం చదవగలవా?

ఆదవాని నవాబు సిద్ది మసూద్ ఖాన్ ఓసారి పరివారంతో ఊళ్ల మీదుగా పోతుండగా వార్తాహరుడొకడు ఎదురొచ్చి ఉత్తరం అందించాడు. దాన్ని చదివిపెట్టేవాళ్లు ఆ పూట పక్కన లేరు. దగ్గర్లో ఒక కుర్రవాడు పశువులు కాసుకుంటున్నాడు. పేరు వెంకన్న. తల్లీ తండ్రీ పోతే మేనమామ పంచన చాకిరీ చేస్తూ పెరిగాడు. బ్రాహ్మణ పిల్లవాడు కదా, చదువు వచ్చే ఉంటుందని నవాబు ఉత్తరం అతని చేతికిచ్చాడు. రాదంటే పొగరనుకున్నాడు. చదవకపోతే ప్రాణం దక్కదన్నాడు. కుర్రవాడు అంతకుముందు తనను దీవించిన రాఘవేంద్ర స్వామిని తలుచుకుని కాగితం విప్పాడు. ఎన్నడూ నేర్వని అక్షరాలు నోట పలికాయి. అందులో ఉన్నది శుభవార్త. నవాబు సంతోషించి అతన్ని ఆదవానికి దివానును చేశాడు.

మంత్రాలయం భక్తులు తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. మసూద్ ఖాన్ చారిత్రక పురుషుడు. 17వ శతాబ్దంలో బీజాపూరు సుల్తానుల తరఫున ఆదవానిని ఏలినవాడు, ఊళ్లోని జామియా మసీదు కట్టించినవాడు. రాఘవేంద్ర స్వామి బృందావన ప్రవేశం 1671లో. మహిమ సంగతి భక్తుల నమ్మకానికి వదిలేసినా, కథలో ఆ కాలపు కొలువు పద్ధతి కళ్లకు కడుతుంది. రాత వచ్చినవాడే కచేరీలో మనిషి. చదువు ఏ కులంలో ఉంటుందో ముందే తేల్చేసుకున్న యజమాని. ఒక్క కాగితం, ఒక్క ప్రశ్న, అక్కడికక్కడే తీర్పు. పైగా ఆ కుర్రవాడికి అండగా ఒక పెద్దాయన దీవెన. ఈ ప్రాంతంలో ఇంటర్వ్యూ అనదగ్గదాని గురించి జనం నోట నిలిచిన మొదటి కథ బహుశా ఇదే.

తరవాతి మూడున్నర శతాబ్దాల్లో ఆదవాని, అంటే నేటి ఆదోని, చాలా చేతులు మారింది. బీజాపూరు పోయి మొగలులు, ఆ తరవాత నిజాం తమ్ముడు బసాలత్ జంగ్, నడుమ 1786లో టిప్పు ముట్టడి, చివరికి 1800లో ఇంగ్లీషు కంపెనీ. పని వెతుక్కుంటూ వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి అడిగే ప్రశ్నలు మాత్రం పెద్దగా మారలేదు. చదువొచ్చా? ఎవరి మనిషివి? ఏ ఊరు? ఏ ప్రశ్నకు ఎంత బరువన్నదే కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది.

కంపెనీ చేతికొచ్చిన దత్తమండలానికి మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా ఊరూరా కొలతలు వేయించి రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. ఇన్ని కొలతలకు, లెక్కలకు రాసేవాళ్లు కావాలి. ఆదోని అప్పుడు బళ్లారి వైపు ప్రాంతం. ఇంట్లో తెలుగో కన్నడమో, బజారులో ఉర్దూ, కచేరీ లెక్కల్లో మరాఠీ. ఇన్ని భాషల మధ్య లెక్క తప్పకుండా రాయగలిగే కుటుంబాలు కొన్నే ఉండేవి. తండ్రి పక్కన కూచుని కొడుకు, బావ వెనకాల బావమరిది పని నేర్చుకునేవాళ్లు. జీతం లేకుండా కచేరీలో ఏళ్ల తరబడి చాకిరీ చేస్తూ, ఖాళీ ఎప్పుడొస్తుందా అని కనిపెట్టుకుని ఉండేవాళ్లకు ఒక పేరుంది: ఉమేదువార్లు. ఉమేద్ అంటే ఆశ. ఆశ పెట్టుకున్నవాడు ఉమేదువారు. బ్రౌణ్య నిఘంటువు చూసినవాళ్లకు తెలిసిన మాటే. ఇవాళ ‘అభ్యర్థి’ అని పొడిగా అనేస్తున్నాం గానీ, ఆ పాత మాటలో పని వెతికేవాడి మనసు కూడా ఉంది.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం మొదలయ్యాక ఉమేదువారీకి పోటీగా పరీక్ష వచ్చింది. మెట్రిక్యులేషన్ పాసైతే చాలు, మామ ఎవరో బావ ఎవరో చెప్పుకోనక్కర్లేని రోజు వస్తుందన్న నమ్మకం పుట్టింది. బళ్లారిలో లండన్ మిషన్ వాళ్లు 1846లో పెట్టిన వార్డ్‌లా బడి 1891కి కాలేజీ అయింది. ఆదోని తాలూకాలో స్తోమత ఉన్న ఇళ్ల పిల్లలకు పై చదువు అంటే బళ్లారే. నమ్మకం ఎంత గొప్పదైనా, బళ్లారిలో పిల్లవాణ్ణి పెట్టి చదివించగల ఇళ్లు ఎన్ని? పరీక్ష తలుపు తెరిచింది, తలుపు దాకా నడిచే దారి ఖర్చు మాత్రం ఇంటివాళ్ల మీదే పడింది.

ఊరికి మరో బతుకు దారి చూపించింది పత్తి. నల్లరేగడి నేలలో పత్తి ఎప్పటినుంచో ఉన్నదే. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం నడిచి అక్కడి పత్తి లాంకషైర్ మిల్లులకు అందకపోయేసరికి మన పత్తికి గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. 1871లో మద్రాసు రైలు మార్గం రాయచూరు చేరి బొంబాయి నుంచి వచ్చే లైనుతో కలిసింది. ఆదోని ఆ దారిలోనే ఉంది. బళ్లారి వైపు పండే పత్తిని మద్రాసు వ్యాపారులు ‘వెస్టర్న్స్’ అని, కర్నూలు, నంద్యాల వైపు దాన్ని ‘నార్తర్న్స్’ అని పిలిచేవాళ్లు. జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీలు లేచాయి. 1901 జనాభా లెక్కల్లో ఆదోని పట్టణంలో 30,416 మంది. తివాచీలు, పట్టు బట్టలు, నూలు బట్టలు నేసే మగ్గాలు ఆ ఫ్యాక్టరీలతోబాటే ఆడుతున్నాయి. తరవాతి రోజుల్లో ఆదోనిని రెండో బొంబాయి అని గర్వంగా పిలుచుకోవడానికి మూలం ఈ పత్తి బేళ్లే.

మండీలో కొలువుకు ప్రకటనలుండవు. కమీషన్ దుకాణంలో గుమాస్తా కావాలంటే షావుకారు తన వాళ్లలో ఒకణ్ణి అడుగుతాడు. ఆ ఒకడు ఇంకొకణ్ణి తెస్తాడు. కుర్రవాడు లెక్కలు ఎంత బాగా వేస్తాడన్నది రెండో సంగతి. గల్లాపెట్టె ముందు కూచునేవాడు రేపు డబ్బుతో మాయమైతే ఎవరిని పట్టుకోవాలి? ఆ ప్రశ్నకు జవాబుగా ఒక పెద్దమనిషి నిలబడాలి. కనుక మండీలో ‘ఎవరి మనిషివి’ అన్నది అవమానించడానికి వేసే ప్రశ్న కాదు, అది ఆ వ్యాపారపు పూచీకత్తు. అయితే పూచీ పడేవాళ్లు లేని ఇంట పుట్టిన తెలివైన పిల్లవాడికి ఆ గుమ్మం మూసినట్టే. ఈ నష్టాన్ని ఏ చిట్టాలోనూ రాయలేదు.

హమాలీల ముఠాలో చేరడమూ ఇలాంటిదే. బోరెం ఎత్తగలడా లేదా అన్నది నిమిషంలో తేలిపోతుంది. ముఠాలో చోటివ్వాల్సింది మేస్త్రీ. తండ్రి వీపు అరిగాక ఆ చోటు కొడుక్కి రావడం మామూలు. జిన్నింగు మిల్లుల్లో పత్తి ఏరే పనికి వచ్చే ఆడవాళ్లకు ఆ చోటు కూడా లేదు. సీజను ఉంటే పని, లేకపోతే లేదు.

పల్లెల్లో ఇంకో లెక్క. ఉగాదికి జీతగాణ్ణి పెట్టుకునేవాళ్లు, మళ్లీ ఉగాదికి లెక్క చూసేవాళ్లు. ఏడాదికి ఇన్ని శేర్ల జొన్నలు, ఒక జత చెప్పులు, ఒక కంబళి అని మాట. మధ్యలో తీసుకున్న అప్పు తీరకపోతే మరో ఉగాది, ఇంకో ఉగాది.

రైలు వచ్చిన అయిదేళ్లకే ధాత కరువు. 1876–78 నాటి ఆ కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దెబ్బతిన్నంతగా మద్రాసు ప్రెసిడెన్సీలో మరేవీ దెబ్బతినలేదు. పని అడగడం అంటే ప్రాణం నిలుపుకోవడమైన రోజులవి. సర్కారు కరువు పనులు తెరిచింది. ఖర్చు తగ్గించడానికి కలకత్తా నుంచి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 మొదట్లో కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, దానిమీద కొద్దిపాటి చిల్లరకు కుదించాడు. అంతకంటే ఘోరమైనది దూరం పరీక్ష. ఒళ్లొంచగల మనిషికి సొంత ఊరి దగ్గర పని ఇవ్వకూడదు, 10 మైళ్ల అవతలి శిబిరానికి పోవాలి. నిజంగా ఆకలి ఉన్నవాడైతే నడిచి వస్తాడు, లేనివాడు ఇంట్లోనే ఉండిపోతాడని అధికారుల తర్కం. నడవలేక దారిలో కూలినవాడు ఆ పరీక్షలో ఏ లెక్కలోకి వచ్చాడో ఎవరూ చెప్పలేదు. మద్రాసు ఆరోగ్య కమిషనరు డబ్ల్యూ. ఆర్. కార్నిష్ ఆ కూలి మనిషిని నిలబెట్టదని వైద్యుడిగా గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు.

ఈ సంగతిని మరో చట్టం పక్కన పెట్టి చూడాలి. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం, పని అడిగినవాడికి 15 రోజుల్లో పని చూపాలంది. ఊరికి 5 కిలోమీటర్ల లోపే చూపాలంది. అంతకు మించితే కూలికి పదోవంతు కలిపి ఇవ్వాలంది. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించింది పక్కనున్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. పని కోసం 10 మైళ్లు నడిపించిన నేల మీదే, పనిని మనిషి దగ్గరికి నడిపించాలన్న మాట కాగితం ఎక్కడానికి 128 ఏళ్లు పట్టింది.

ఆదోనికి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో ఎమ్మిగనూరు. ఆదోనిది బేరసారాల స్వభావమైతే ఎమ్మిగనూరుది మగ్గం గుంట స్వభావం. నేతపనికి చేరడానికి ఇంటర్వ్యూ ఏముంటుంది? ఆడవాళ్లు ఆసు పోస్తుంటే, పిల్లలు కండెలు చుడుతుంటే, పది పన్నెండేళ్లకు కాళ్లు గుంటలోకి దిగుతాయి. చేతికి నాడె వస్తుంది. ఇబ్బంది పని నేర్వడంలో లేదు, నూలు దొరకడంలో ఉంది. నూలు షావుకారు ఇవ్వాలి. నేసిన బట్ట షావుకారే కొనాలి. మజూరి ఎంతో ఆయనే చెప్పాలి. పండక్కో పెళ్లికో ఇచ్చిన అడ్వాన్సు నెత్తిన ఉన్నంతకాలం నేతగాడు ఇంకో గుమ్మం తొక్కడానికి లేదు. చేతిలో విద్య ఉండీ పని అడుక్కోవలసి రావడం చేనేత పాత బాధ.

ఆ బాధకు ఎమ్మిగనూరు చెప్పిన జవాబు 1938లో పుట్టిన చేనేత సహకార ఉత్పత్తి విక్రయ సంఘం. ఊరివాళ్లు ఇప్పటికీ పొడి అక్షరాల్లో వైడబ్ల్యూసీఎస్ అనే అంటారు. దాన్ని నిలబెట్టినవాడు మాచాని సోమప్ప. ఆయనకు తరవాత పద్మశ్రీ వచ్చింది. మద్రాసులో ప్రెసిడెన్సీ మొత్తానికి చేనేత సహకార సంఘం ఏర్పడింది 1935లో. కో-ఆప్‌టెక్స్ అన్న పేరుతో తమిళనాట ఇప్పటికీ నడుస్తున్నది అదే. మూడేళ్లకే ఎక్కడో పడమటి మూలన ఉన్న ఎమ్మిగనూరు తన సంఘాన్ని తానే కట్టుకుంది.

సంఘం పద్ధతి చూడండి. నేతగాడు వాటా కట్టి సభ్యుడవుతాడు. సంఘం నూలు తూకం వేసి ఇస్తుంది. అతను నేసి తెస్తాడు. బట్టను కొలిచి, తూచి, నేత చూసి మజూరి కడతారు. లాభం ఉంటే అందులోనూ వాటా. ఎవరి మనిషివి అని అడగక్కర్లేదు, పుస్తకంలో సభ్యుడి పేరుంది. పనితనం ఎంతో నేసిన బట్టే చెబుతుంది. షావుకారు ముందు చేతులు కట్టుకుని నిలబడిన మనిషి సర్వసభ్య సమావేశంలో కుర్చీలో కూచుని లెక్క అడగగలడు. పని అడిగే మనిషి గౌరవం పోగొట్టుకోకుండా పని సంపాదించే పద్ధతి ఈ ప్రాంతంలో నికరంగా కనిపించింది ఇక్కడే. మగ్గం ఉన్న ఇల్లు కురవకుండా ఉంటేనే పని సాగుతుంది కనుక, సంఘం చలవతో వీవర్స్ కాలనీ కూడా లేచింది. ఎమ్మిగనూరు దుప్పట్లు, టవళ్లు జిల్లా దాటి చాలా దూరం పేరు తెచ్చుకున్నాయి.

దశ ఎల్లకాలం నిలవలేదు. మరమగ్గం చవక బట్ట తెచ్చింది. 1991లో నూలు ధరలు మండిపోయి రాష్ట్రమంతటా నేత ఇళ్లు విలవిల్లాడాయి. అంతకుముందు జనతా వస్త్రాల పథకం మగ్గాలను ఆడిస్తూ వచ్చింది, అదీ ఆగింది. మగ్గం గుంటలు పూడ్చి నేతగాళ్ల పిల్లలు చదువు దారి పట్టారు. ఇక వాళ్లు వెతకవలసింది సర్కారు కొలువు.

సర్కారు కొలువు చిరునామా కూడా అప్పటికి మారింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మొదటి రెండూ కర్నూలు జిల్లాలో చేరాయి. బళ్లారి మైసూరుకు పోయింది. 150 ఏళ్లుగా దరఖాస్తు పట్టుకుని పడమటికి, బళ్లారికి నడిచిన ఊరు ఒక్క రోజులో తూర్పుకు, కర్నూలుకు తిరగవలసి వచ్చింది. మూడేళ్లపాటు ఆ కర్నూలే రాజధాని కావడంతో ఆశలు కూడా ఆ వైపు తిరిగాయి. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు తెలుగులో పరీక్ష రాయాల్సి వచ్చింది. సరిహద్దు గీతలు గీసే పెద్దల చర్చల్లో ఇలాంటి చిన్న సంగతులకు చోటుండదు. కానీ ఒక తరం పిల్లల బతుకు వాటి మీదే నడిచింది.

1956 నవంబరు 1 ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం అని బడి పిల్లలందరికీ తెలుసు. అదే రోజు దేశంలో ఉపాధి కల్పన కార్యాలయాల రోజువారీ పాలన కేంద్రం నుంచి రాష్ట్రాల చేతికి వచ్చిందన్నది అంతగా తెలియని సంగతి. ఈ కార్యాలయాలు పుట్టింది 1945లో, యుద్ధం ముగిసి ఇళ్లకు తిరిగొచ్చిన సైనికులకు పని చూపించడానికి. దేశ విభజన కాందిశీకులకు పనికొచ్చాయి. 1948 నుంచి అందరికీ తలుపులు తెరిచారు. 1959 చట్టంతో ఖాళీలను ఈ కార్యాలయాలకు తెలియజేయడం తప్పనిసరైంది. అంతకు చాలాముందే, 1908లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన, ఏ కుర్రవాడికి ఏ పని సరిపోతుందో కూచోబెట్టి మాట్లాడి సలహా చెప్పే కార్యాలయం తెరిచాడు. ఆ ఆలోచన కూడా తరవాత మన ఉపాధి కార్యాలయాల్లోకి వచ్చింది.

ఆదోని, ఎమ్మిగనూరు కుర్రవాళ్లకు మాత్రం ఆ కార్యాలయం అంటే ముందుగా గుర్తొచ్చేది ఒక కార్డు. టెన్త్ పాసవగానే కర్నూలు బస్సెక్కి పేరు నమోదు చేయించుకోవాల్సి వచ్చేది. ఆదోని నుంచి సుమారు 100 కిలోమీటర్లు. మూడేళ్లకోసారి రెన్యూవల్ మరిచిపోతే సీనియారిటీ పోయేది. పెద్దలు చెప్పే సలహాల్లో మొదటిది అదే: ‘కార్డు రెన్యూవల్ చేయించినావా?’ రెండోది టైపు. లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, చేతనైతే షార్ట్‌హ్యాండ్ కూడా నేర్చి పెట్టుకోవాలి. మూడోది గుంతకల్లు. 1956లో రైల్వే డివిజన్ అయిన ఆ జంక్షన్ ఆదోనికి ఎంతో దూరం కాదు. రైల్వేలో ఖలాసీ అయినా చాలు, పింఛను ఉందని ఆ రోజుల్లో పిల్లనిచ్చేవాళ్లు.

‘ఇంటర్వ్యూ కార్డు వచ్చింది’ అనే మాట ఆ రోజుల్లో వీధంతా పాకేది. పోస్ట్‌మ్యాన్ కేకే అందరికీ చెప్పేసేది. అక్కడినుంచి హడావుడి. సర్టిఫికెట్ల నకళ్లు టైపు కొట్టించాలి, ప్రతి నకలు మీదా గెజిటెడ్ అధికారి సంతకం కావాలి. చిన్న ఊళ్లో గెజిటెడ్ అధికారులు ఎందరుంటారు? పశువుల ఆసుపత్రి డాక్టరు, జూనియర్ కాలేజీ లెక్చరరు, వాళ్లు ఊళ్లో లేకపోతే దేవుడే దిక్కు. ఎద్దుకు సూదిమందు వేస్తున్న డాక్టరు పక్కన ఫైలు పట్టుకుని నిలబడ్డ నిరుద్యోగి ఆ రోజుల్లో ప్రతి తాలూకాలోనూ కనిపించేవాడు. తన చదువు తనదే అని చెప్పడానికి మరొకరి సంతకం కావలసిరావడం కూడా ‘ఎవరి మనిషివి’కి ఇంకో రూపమే. కొన్నేళ్లుగా సొంత సంతకం చాలనే పద్ధతి వచ్చి ఆ బాధ చాలావరకు తగ్గింది.

కార్డు మీద నమ్మకం సడలడానికి కారణాల్లో ఒకటి అంకెలు. పేర్లు పెరిగాయి, ఖాళీలు పెరగలేదు. ఇంకోటి న్యాయస్థానం. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంటు కార్యాలయం నియామకాల మీద తేలిన కేసులో సుప్రీంకోర్టు 1996లో ఒక మాట చెప్పింది: ఉపాధి కార్యాలయం పంపిన పేర్లతోనే సరిపెట్టకూడదు, పత్రికల్లో, రేడియో, టీవీల్లో ప్రకటించి అర్హులందరినీ చూడాలి. తెలుగు నేల మీద పుట్టిన ఆ తీర్పు దేశమంతటా నియామకాలకు ప్రమాణమైంది. అక్కడినుంచి పేపర్లలో ఉద్యోగ ప్రకటనలు వెతకడమే నిరుద్యోగి పొద్దుటి పని.

ఇంటర్వ్యూ గది లోపల ఏం జరిగేదో 1981లో వచ్చిన మరో సుప్రీంకోర్టు తీర్పు బయటపెట్టింది. శ్రీనగర్ ఇంజనీరింగు కాలేజీ సీట్ల కేసు అది. ఇంటర్వ్యూ తలకు రెండు మూడు నిమిషాలకు మించలేదనీ, అడిగిందల్లా తల్లిదండ్రులెవరు, ఊరేది అనేననీ, చదివిన సబ్జెక్టులో ప్రశ్నలే లేవనీ పిల్లలు మొరపెట్టుకున్నారు. మార్కుల్లో మూడోవంతు అలాంటి ఇంటర్వ్యూకు పెట్టడం చెల్లదని కోర్టు తేల్చింది, 15 శాతం మించకూడదంది. ఎక్కడి కాశ్మీరం, ఎక్కడి ఆదోని! ప్రశ్నలు మాత్రం ఒకటే. పేదింటి నుంచి, పల్లె యాసతో వచ్చిన పిల్లలు ఇంటర్వ్యూ గది అంటే ఎందుకు వణికారో ఆ కేసు కాగితాలు చూస్తే అర్థమవుతుంది. కేంద్రం 2016 జనవరి నుంచి కింది స్థాయి కొలువులకు ఇంటర్వ్యూలే ఎత్తేసింది. 2019 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయాలకు పెట్టిన పరీక్షలో 1.26 లక్షల కొలువులకు ఇంటర్వ్యూ లేకుండానే ఎంపిక జరిపారు. ఎమ్మిగనూరు వీధుల్లో, ఆదోని చుట్టూ పల్లెల్లో ఇంట మొదటిసారి ఉద్యోగం చూసిన కుటుంబాలకు ఆ సంగతి విలువ వేరే చెప్పనక్కర్లేదు.

‘ఏ ఊరు’ అన్న ప్రశ్నకూ చట్టంలో చోటు దొరికింది, అదీ ఈ ప్రాంతానికి మేలు చేసే రూపంలో. కొలువుల్లో, నీళ్లలో రాయలసీమ వాటా గురించిన పట్టుదల 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక కాలం నుంచీ ఉన్నదే. ఆంధ్ర, తెలంగాణ ఉద్యమాల తరవాత రాజ్యాంగంలో 371-డి అధికరణం చేరింది. దాని కింద వచ్చిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆరు జోన్లు చేసింది. అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు నాలుగో జోను. జిల్లా స్థాయి గుమాస్తా కొలువుల్లో 80 శాతాన్ని ఆ ఉత్తర్వు స్థానికులకు కేటాయించింది. స్థానికుడని చెప్పడానికి పిల్లవాడు ఎక్కడ చదివాడన్నదే మొదటి ఆధారం. నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు పెట్టె అడుగున భద్రంగా దాచమని తల్లులు పిల్లలకు చెప్పడం అప్పటినుంచే.

ఇన్ని పరీక్షలు, కార్డులు, ఉత్తర్వులు నడుస్తుండగా, వీటిలో దేనితోనూ పనిలేని కొలువు ఈ ప్రాంతంలో ఇంకోటి ఉంది. దాని పేరు సుగ్గి. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, గోనెగండ్ల వైపు ఊళ్లలో ‘సుగ్గికి పోయినారు’ అంటే ఇంటికి తాళం పడిందని అర్థం. వర్షం మీదే ఆధారపడిన చేలు ఎండాక కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్తాయి. తుంగభద్ర దిగువ కాలువ ఈ తాలూకాల మీదుగానే పారుతుంది, కానీ అందరి చేలకూ అందదు. మేస్త్రీ వస్తాడు, అడ్వాన్సు ఇస్తాడు, వాహనం పెడతాడు. వంట గిన్నెలు, జొన్న పిండి, పసిపిల్లలతో సహా ఎక్కుతారు. అక్కడ అడిగే ప్రశ్న ఒకటే: ఎన్ని చేతులు? కిలోకింత అని కూలి కనుక పిల్లల చేతులూ లెక్కలోకి వస్తాయి.

ఈ సుగ్గికీ ఉద్యోగాల కథకూ చాలా దగ్గర చుట్టరికం. బడి నడుస్తుండగానే పిల్లలు ఊరు విడుస్తారు. తిరిగొచ్చేసరికి వార్షిక పరీక్షలు. రాష్ట్రంలో అక్షరాస్యత బాగా వెనకబడిన మండలాల పేర్లు చదివినప్పుడల్లా కోసిగి పేరు వినిపించడానికి ఇదొక పెద్ద కారణం. తల్లిదండ్రులు వలసపోయినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేలా సీజనల్ హాస్టళ్లు పెట్టారు. అవి తెరిచిన ఊళ్లలో, వలసపోని పిల్లల్ని చూసుకునే ముసలి అవ్వ భుజాన పడిన భారం కొంత తగ్గింది.

ఇవాళ పడమటి మండలాల డిగ్రీ కుర్రవాళ్లు బ్యాంకు పరీక్షలకు నంద్యాల పోతారు. డీఎస్సీకి కృష్ణా జిల్లా అవనిగడ్డ దాకా పోయి గదులు తీసుకుని చదువుతారు. మిరప కోతకు తల్లిదండ్రులు ఏ దిక్కుకు బండెక్కారో, కొలువు కోసం బిడ్డలూ ఆ దిక్కుకే బస్సెక్కుతున్నారు. 2025లో రాష్ట్రం 16,347 టీచరు కొలువులకు మెగా డీఎస్సీ ప్రకటిస్తే, అన్ని జిల్లాల్లోకీ ఎక్కువ ఖాళీలు ఉమ్మడి కర్నూలుకే వచ్చాయి, 2,600కు పైగా. టీచర్లు లేని బడులు ఇక్కడ అన్ని ఉన్నాయన్నమాట. అందుకే బయటి జిల్లాల అభ్యర్థులు కూడా కర్నూలు వైపు చూశారు. స్థానిక కోటాలో ఆ కొలువులు దక్కించుకోవలసిన ఇక్కడి పిల్లల ముందు మాత్రం పాత ప్రశ్నే నిలబడింది: నాలుగు నుంచి పది దాకా ఎక్కడ చదివావు? సుగ్గి ఏళ్లలో హాజరు పట్టీ నుంచి పేరు జారిపోయిన పిల్లవాడు బడి కాగితానికి బదులు తహసీల్దారు దగ్గర ఏడేళ్ల నివాస పత్రం తెచ్చుకోవాలి. కౌతాళంలోనో కోసిగిలోనో హెడ్మాస్టర్లు డిసెంబరు వచ్చేసరికి ఇళ్ల చుట్టూ తిరిగి, పిల్లల్ని హాస్టల్లో వదిలి పొమ్మని తల్లిదండ్రులను బతిమాలడం ఆ పేరు పట్టీలో నిలపడానికే.